మేజర్ అట్లీ — మా పెదనాన్న నాలుగెకరాలు

"ఎవడో తెల్లోడు రాసిపారేసి పోయిన చట్టంరా ఇది!" అని మా పెదనాన్న బ్రతికున్నన్నాళ్ళూ అంటూ వుండేవాడు. అన్నం ముందు కూర్చుని అనేవాడు. దుకాణం తలుపులు వేస్తూ అనేవాడు. ఆఖరికి భద్రాచలంలో రాములవారి దర్శనం చేసుకుని మెట్లు దిగేటప్పుడు కూడా, చేతిలో తీర్థం తడి ఆరకముందే, గోదావరి ఎగువకు చెయ్యి చూపించి మరీ ఆ మాట అనేవాడు. "దేవుడి సన్నిధిలో కూడా అదేనా?" అని పెద్దమ్మ విసుక్కునేది.

సంగతి నాలుగెకరాల భూమి. మాది బూర్గంపహాడు; గోదావరికి కుడి ఒడ్డు. పెదనాన్నకు అక్కడ చిన్న కిరాణా దుకాణం వుండేది. 1966లో ఎడమ ఒడ్డున, దుమ్ముగూడెం దగ్గర, ఒక కోయ రైతు పొలం నాలుగెకరాలు ఆయన చేతికి వచ్చింది. కొన్నానని ఆయన అనేవాడు. తెల్లకాగితం మీద ఒక వేలిముద్ర, కింద ఇద్దరు సాక్షులు — అంతే దస్తావేజు. తరువాత 1970లో ఒక రెగ్యులేషను వచ్చింది. మా వైపు అక్షరం ముక్క రానివాడికి కూడా అది "వన్ ఆఫ్ సెవెంటీ" అనే పేరుతోనే తెలుసు. కేసు నడిచి నడిచి, 1984లో ఆ భూమి కోయవారికి తిరిగి ఇచ్చెయ్యమని ఉత్తర్వు వచ్చింది. ఇవ్వక తప్పలేదు. ఆనాటి నుంచీ పెదనాన్న నోట ఆ తెల్లవాడి జపం.

నేను చరిత్ర పాఠాలు చెప్పుకుని బ్రతికిన బడిపంతుల్ని. "ఎవరా తెల్లవాడు పెదనాన్నా?" అని ఒకసారి అడిగాను. "ఎవడైతే నీకెందుకురా? పోయింది నా పొలం కదా!" అన్నాడు. ఆయన పోయిన తరువాత, నాకు తీరిక చిక్కిన తరువాత, ఆ తెల్లవాణ్ణి వెతుక్కుంటూ పాత చట్టాల వెంట వెనక్కి నడిచాను. దారిలో చాలామంది తగిలారు. వారిలో ఒకాయన దగ్గర మాత్రం ఆగిపోయాను. బట్టతల, కత్తిరించిన మీసం, నోట్లో పైపు, మాటలో పిసినారితనం. పటాలంలో మేజరుగా పనిచేసి, రాజకీయాలలోకి దిగి, బ్రిటన్ ప్రధానమంత్రి అయి, 1947లో మన దేశాన్ని మనకు అప్పగించే బిల్లును పార్లమెంటులో నడిపించిన మనిషి. పేరు క్లెమెంట్ అట్లీ.

మౌంట్‌బాటెన్ పేరు మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. తెల్లని దుస్తులు, పతకాలు, పక్కన సొగసైన భార్య — ఫోటోకు బాగుంటాడు. ఆయనను పంపించినవాడి ఫోటో మన బడి గోడల మీద ఎక్కడా నేను చూడలేదు.

అట్లీ 1883 జనవరి 3న లండను దగ్గర పట్నీలో పుట్టాడు. తండ్రి పేరున్న సొలిసిటరు. ఎనిమిదిమంది సంతానంలో ఈయన ఏడవవాడు. చదివిన బడి హేలీబరీ. ఆ ఆవరణలోనే ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీవారు మన మీద అధికారం చెయ్యబోయే కుర్రవాళ్ళకు తర్ఫీదు ఇచ్చేవారు. అంటే ఇండియా వాసన ఆ గోడలకే వున్నదన్నమాట. తరువాత ఆక్స్‌ఫర్డులో చరిత్ర చదివాడు, ప్లీడరు పరీక్ష ప్యాసయ్యాడు. తండ్రి చూపిన దారిన పోతే సుఖంగా కోర్టులో కూర్చునేవాడే. కాని 1905లో, తన బడివారు లండను తూర్పు పేటలో పేదపిల్లల కోసం నడిపే ఒక క్లబ్బుకు, చూసి వద్దామని వెళ్ళాడు. ఆ పేట పేరు స్టెప్నీ. ఓడరేవు కూలీలు, ఒకే గదిలో ఏడెనిమిదిమంది, చెమ్మగోడలు, అద్దెకోసం గుమ్మంలో నిలబడే మనుషులు. చూసి వద్దామని వెళ్ళినవాడు అక్కడే కాపురం పెట్టి, ఆ క్లబ్బు మేనేజరయ్యాడు. పేదరికం వాళ్ళ సోమరితనం వల్ల వచ్చిందని అప్పటిదాకా ఆయన వర్గంవారందరూ అనుకున్నట్టే ఆయనా అనుకున్నాడు. పక్కన బ్రతికాక ఆ మాట నమ్మడం మానేశాడు. 1908లో సోషలిస్టుల్లో చేరాడు.

1914లో యుద్ధం వచ్చింది. ఆయనకు ముప్ఫై ఒకటో ఏడు. ఆ వయసువాడు నాకెందుకులే అనుకోవచ్చు. సౌత్ లాంకషైర్ పటాలంలో ఆఫీసరుగా చేరాడు. ఆయన తమ్ముళ్ళూ అన్నల్లో ఒకడు టామ్ అట్లీ మాత్రం మనుషులను చంపడం నావల్ల కాదని యుద్ధానికి పోనన్నాడు. అందుకు జైలుకు పోయాడు. ఒకే తల్లి బిడ్డల్లో ఒకడు పటాలంలో, మరొకడు జైల్లో! అయినా అన్నదమ్ముల మధ్య ప్రేమ చెడలేదు. జీవితాంతం ఉత్తరాలు రాసుకుంటూనే వచ్చారు. ఈ ఒక్క విషయం చాలు నాకు, ఆ ఇంటిమీద గౌరవం కలగడానికి.

1915లో గల్లిపోలికి పంపారు. టర్కీ తీరంలో కొండలు, ఎండ, ఈగలు, చెడ్డ నీళ్ళు. జిగట విరేచనాలు పట్టుకుని ఆస్పత్రి పాలయ్యాడు. ఆయన మంచం మీద వుండగా ఆయన పటాలం ఒక పెద్ద దాడిలో చితికిపోయింది. జబ్బు చేసినందువల్ల ప్రాణం దక్కిందన్నమాట. లేచి మళ్ళీ అక్కడికే వెళ్ళాడు. ఆ డిసెంబరులో సువ్లా తీరం నుంచి సైన్యం రహస్యంగా వెనక్కి వచ్చేటప్పుడు, అందరినీ ఓడలెక్కించి చివరి నుంచి రెండోవాడుగా ఆయన తీరం వదిలాడు. ఆ తరువాత మెసొపొటేమియా — ఇప్పటి ఇరాకు. అక్కడ కూట్ అనే ఊళ్ళో టర్కీవారి ముట్టడిలో చిక్కి ఆకలితో మాడుతున్న సైన్యంలో ఎక్కువమంది మన భారతదేశపు సిపాయిలే. వాళ్ళను విడిపించడానికి బయలుదేరిన దండులో అట్లీ వున్నాడు. 1916 ఏప్రిల్‌లో హన్నా దగ్గర శత్రువు కందకం మీదికి ఉరికేటప్పుడు గుండు ముక్కలు తగిలి కాలు, పిరుదు చీలిపోయాయి. ఆ నెలాఖరుకు కూట్ లొంగిపోయింది. గాయపడ్డ ఆఫీసరును ముందు ఇండియాకు, అక్కడ నుంచి ఇంగ్లండుకు చేర్చారు. చూశారా, ఆయన మొదటిసారి మన గడ్డ మీద కాలు పెట్టడం కాదు, కాలు బాగు చేయించుకోవడానికి రావడం జరిగింది!

1917లో మేజరయ్యాడు. యుద్ధం అయిపోయినా ఆ బిరుదు వదలలేదు. పార్లమెంటులో కూడా చాలాకాలం "మేజరు అట్లీ" అనే పిలిచేవారు. 1919లో స్టెప్నీకి మేయరు అయ్యాడు. మేయరుగా ఆయన చేసిన మొదటి పనుల్లో ఒకటి ఇళ్ళు బాగు చెయ్యని ఇంటి యజమానులకు నోటీసులివ్వడం. ఆ యజమానులు కూడా ఇళ్ళలో అన్నం ముందు కూర్చుని ఆయనను తిట్టుకునే వుంటారు. 1922లో ఆ తూర్పు పేటలోని లైమ్‌హౌస్ నుంచే పార్లమెంటుకు వెళ్ళాడు. అదే సంవత్సరం వయొలెట్ అనే ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. ముగ్గురాడపిల్లలు, ఒక కొడుకు.

ఇక మన కథలోకి వస్తాను.

1927లో బ్రిటిషు ప్రభుత్వం ఇండియాకు ఎటువంటి పరిపాలన ఇవ్వాలో విచారించడానికి ఒక కమిషను వేసింది. జాన్ సైమన్ అధ్యక్షుడు. మొత్తం ఏడుగురు. ఏడుగురూ తెల్లవారే. మనింటి పెళ్ళికి మనల్ని అడక్కుండా ముహూర్తం పెట్టే పురోహితులన్నమాట. ఆ ఏడుగురిలో మేజరు అట్లీ ఒకడు. 1928 ఫిబ్రవరి 3న వారు బొంబాయిలో దిగారు. ఆ రోజున దేశమంతా హర్తాళు. మద్రాసులో పోలీసులు కాల్పులు జరిపారు, ఒక మనిషి చనిపోయాడు. ఆ శవాన్ని చూసితీరాలని బయలుదేరిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు, అడ్డం వచ్చిన తుపాకి ముందు రొమ్ము విప్పి నిలబడ్డారు. ఆంధ్రకేసరి అన్న పేరు ఆ రోజుతో మన ఇళ్ళలో స్థిరపడిపోయింది. ఎక్కడికి వెళ్ళినా నల్లజెండాలు, "సైమన్, గో బ్యాక్" అన్న కేకలు.

నేను బడిలో ఈ పాఠం చెబుతుండగా ఒక కుర్రవాడు లేచి, "వెనక్కి పోయినవాళ్ళు ఏం చేశారు సార్?" అని అడిగాడు. కోయపిల్లవాడు. ఆనాడు నా దగ్గర జవాబు లేదు. పాఠ్యపుస్తకంలో వాళ్ళు వెనక్కి పోవడంతో పాఠం అయిపోతుంది.

వాళ్ళు వెనక్కి పోయి, మళ్ళీ వచ్చి, ఊళ్ళు తిరిగి, 1930లో రెండు సంపుటాల నివేదిక రాశారు. అందులో డొమినియన్ హోదా అన్న మాటే లేదు. దేశం ఆ నివేదికను చెత్తబుట్టలో వేసింది, వెయ్యవలసిందే. అట్లీ కూడా దానిమీద సంతకం చేసినవాడే. కాని ఆ చెత్తబుట్టలో పడ్డ కాగితాలలో కొన్ని పేజీలు మా అడవికి సంబంధించినవి. అవి చెప్పాలంటే మా రెండు ఒడ్ల సంగతి కొంచెం చెప్పాలి.

పాల్వంచ పరగణా తహశీలుదారు గోపన్న ఎడమ ఒడ్డున రాములవారికి గుడి కట్టి గోలకొండ చెరలో పడ్డ నాడు నది మధ్య సరిహద్దు లేదు. 1860 దాకా రెండు ఒడ్లకూ హైదరాబాదే రాజధాని. ఆ సంవత్సరం నిజాం ఎడమ ఒడ్డు తాలూకాలను ఇంగ్లీషువారికి వదులుకున్నాడు. అవి కొన్నాళ్ళు మధ్యపరగణాల కింద వుండి, 1874లో గోదావరి జిల్లాలో చేరాయి. అది మొదలు ఆ ఒడ్డున మద్రాసు గవర్నరు, ఈ ఒడ్డున నిజాం నవాబు. పడవ దిగితే నాణెం కూడా మారేది. ఆ ఒడ్డు అడవిని ఇంగ్లీషువారు "ఏజెన్సీ" అన్నారు. మామూలు చట్టాలు మామూలుగా నడవని చోటు. కలెక్టరే అక్కడ ఏజెంటు. 1879లో రంప పితూరీ లేచింది. వడ్డీ వ్యాపారులు, సారా గుత్తలు, ముఠాదారుల వసూళ్ళు — వీటితో మండిపోయిన జనం. భూమి పోయిన కోయవాడు విల్లు పట్టుకుంటాడని దొరలకు అప్పటికి అర్థమయింది. 1917లో మద్రాసు ప్రభుత్వం ఒక చట్టం చేసింది: ఏజెన్సీలో కొండజాతివాడి భూమి, ఏజెంటు అనుమతి లేకుండా, కొండజాతి కానివాడికి చేరితే అది చెల్లదు. దయకన్న భయం పాలే ఎక్కువ ఆ చట్టంలో. అయినా అయిదేళ్ళు తిరక్కుండానే అల్లూరి సీతారామరాజు వచ్చాడు. 1922 నుంచి 1924 దాకా ఏజెన్సీ మళ్ళీ మండింది. భూమి ఒక్కటే కాదు కదా, అడవీ, పోడూ, వెట్టిచాకిరీ అన్నీ వున్నాయి.

సైమన్ కమిషను వచ్చేనాటికి ఇటువంటి ప్రాంతాలను "వెనుకబడిన ప్రాంతాలు" అనేవారు. కమిషనువారు వాటికి ఒక అధ్యాయం కేటాయించారు. పితూరీలు లేవకుండా చూడడం, దోపిడీ నుంచి కాపాడడం — ఇంతటితో ప్రభుత్వం పని అయిపోదనీ, ఆ జనం తమ కాళ్ళమీద తాము నిలబడేట్టు విద్య నేర్పడమే ముఖ్యమనీ, ఆ పని ఇంకా మొదలే కాలేదనీ దాని సారాంశం. ఈ ప్రాంతాలను మామూలు మంత్రుల పెత్తనం కిందికి తేకుండా విడిగా వుంచాలన్నారు. ఈ మాటలు అట్లీ ఒక్కడే రాశాడని నేననను. ఏడుగురూ కలిసి సంతకం చేసిన పుస్తకం అది. కాని చదువుతుంటే నాకు స్టెప్నీ పిల్లల క్లబ్బు జ్ఞాపకం వచ్చింది.

ఈ కథలో మరో మేజరు కూడా వున్నాడు. పేరు ఎడ్వర్డ్ కాడొగన్. ప్రభువుల ఇంటి బిడ్డ, కన్సర్వేటివు పార్టీవాడు. ఆయన కూడా గల్లిపోలిలో యుద్ధం చేసినవాడే, ఆయన కూడా సైమన్ కమిషను సభ్యుడే. 1935లో ఇండియా బిల్లు చర్చకు వచ్చినప్పుడు, విడిగా వుంచవలసిన ప్రాంతాల జాబితా మరీ చిన్నదిగా వుందని సవరణ తెచ్చినవాడు ఆయన. ప్రభుత్వం మళ్ళీ విచారిస్తామని మాట ఇచ్చింది. 1936లో వచ్చిన ఉత్తర్వులో తూర్పు గోదావరి ఏజెన్సీ "పాక్షికంగా మినహాయించిన ప్రాంతం" అయింది. మా భద్రాచలం తాలూకా అందులోదే. శాసనసభ చేసిన చట్టాన్ని అక్కడ అమలు చెయ్యాలో వద్దో గవర్నరు చెబుతాడు. అక్కడికి ప్రత్యేకంగా రెగ్యులేషన్లు కూడా ఆయనే చెయ్యవచ్చు. ఇది మనవాళ్ళకు నచ్చలేదు. మనలో మనకు గోడలు కట్టే ఎత్తని కాంగ్రెసువారన్నారు. అందులోనూ అబద్ధం లేదు.

అట్లీకి ఆ రోజుల్లో ఇండియా చదువు అవుతూ వుందని నా ఊహ. కమిషను కోసం రెండేళ్ళు మన దేశంలోనూ ఆ కాగితాలలోనూ గడిపినందుకు ఆయనకు దొరికిన బహుమానం 1929 లేబరు మంత్రివర్గంలో చోటు లేకపోవడం! 1931 ఎన్నికలలో లేబరు పార్టీ 52 స్థానాలకు పడిపోయింది. మహామహులు ఓడిపోయారు. అట్లీ 551 ఓట్ల తేడాతో బయటపడ్డాడు. ఆ 551 మంది ఓడరేవు కూలీలు అటు తిరిగి వుంటే ఆ తరువాతి మన కథ ఎలా వుండేదో! మిగిలినవారు కొద్దిమందే కనుక ఉపనాయకుడయ్యాడు, 1935లో నాయకుడయ్యాడు. సైమన్ నివేదిక మీద సంతకం పెట్టిన చేతితోనే, 1935 ఇండియా బిల్లు చాలదని, డొమినియన్ హోదా మాట అందులో లేదని వ్యతిరేకించాడు. అయిదేళ్ళలో మనసు మార్చుకున్న రాజకీయ నాయకుణ్ణి మనం మామూలుగా గోడ దూకినవాడంటాం. ఈయన దూకింది మన వైపుకు కనుక అననక్కరలేదు.

రెండో యుద్ధంలో చర్చిల్ కింద ఉపప్రధానిగా చేశాడు. 1945 ఎన్నికల్లో చర్చిల్ ఊరేగింపులతో తిరుగుతుంటే, అట్లీ సొంత చిన్న కారులో, భార్య నడుపుతుంటే పక్కన కూర్చుని దేశమంతా తిరిగాడు. లేబరు పార్టీకి 393 స్థానాలు వచ్చాయి. రాజుగారి దగ్గరకు ప్రధానమంత్రి పదవి తీసుకోవడానికి వెళ్ళిన రోజున కూడా కారు నడిపింది ఆవిడే. మంత్రివర్గం సమావేశాలలో గంటలో తేలేది అరగంటలో తేల్చేవాడట. క్రికెట్టు పిచ్చి మాత్రం వుండేది. స్కోరు తెలుసుకోవడానికి వార్తల యంత్రం ఒకటి ప్రధాని ఇంట్లో పెట్టించుకున్నాడు. ఇంగ్లండులో పేదా గొప్పా తేడా లేకుండా ఖర్చు లేని వైద్యం 1948 జూలై 5న మొదలయింది కూడా ఈయన ప్రభుత్వంలోనే.

1946 మార్చి 15న పార్లమెంటులో లేచి, స్వాతంత్ర్యం కావాలంటే తీసుకునే హక్కు ఇండియాకు వున్నదనీ, అల్పసంఖ్యాకులు అధికసంఖ్యాకుల పురోగతికి అడ్డుకట్ట వెయ్యడానికి వీల్లేదనీ చెప్పాడు. 1947 ఫిబ్రవరి 20న, 1948 జూన్ లోపల వెళ్ళిపోతామని తేదీ పెట్టాడు. మౌంట్‌బాటెన్‌ను పంపాడు. తేదీ మరింత ముందుకు జరిగింది. జూలై 10న స్వాతంత్ర్య బిల్లు మీద చర్చను ఆయనే ప్రారంభించాడు. 18న రాజు సంతకమయింది. ఇరవై ఏళ్ళనాడు "వెనక్కి పో" అంటే వెనక్కిపోని మనిషి, ఈసారి అందరినీ వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తొందరలో పంజాబు, బెంగాలు చీలి లక్షలమంది చచ్చారు, కోటికి పైగా జనం ఇల్లూ వాకిలీ వదిలారు. ఆ పాపంలో ఆయన వాటా ఎంతో చరిత్రకారులు ఇంకా పంచుతూనే వున్నారు. గల్లిపోలిలో ఒక్క ప్రాణం పోకుండా సైన్యాన్ని ఓడలెక్కించిన రాత్రి ఆయనకు జ్ఞాపకం వచ్చే వుంటుంది. ఇక్కడ అలా జరగలేదు.

మా ఒడ్డుకు జరిగిన అన్యాయం వేరు. ఆ చట్టంలో సంస్థానాల మీద బ్రిటిషువారి సార్వభౌమాధికారం రద్దయిందని ఒక సెక్షను వుంది. సంస్థానాలన్నీ ఏదో ఒక దేశంలో చేరతాయని ఆశిస్తున్నామని అట్లీ పార్లమెంటులో అన్నాడు. నిజాం ఆ ఆశను పట్టించుకోలేదు. దానితో 1947 ఆగస్టు 15న భద్రాచలం ఒడ్డున జెండా ఎగిరింది. బూర్గంపహాడు ఒడ్డున ఎగరలేదు. మా పెదనాన్నకు అప్పుడు పదిహేడేళ్ళు. "రేవులో నిలబడి చూశాంరా. అవతల బాజాలు వినబడుతున్నయి, పప్పుబెల్లాలు పంచుతున్నరు. మేము పోదామంటే పడవ లేదు" అని చెప్పేవాడు. ఈ ఒడ్డుకు స్వాతంత్ర్యం 1948 సెప్టెంబరు 17న వచ్చింది. ఆ పదమూడు నెలల రజాకార్ల సంగతి ఆయన ఎక్కువగా చెప్పేవాడు కాదు. అట్లీ పేరు మాత్రం ఆయనకు తెలియదు.

తెల్లవారు పోయాక 1950లో మన రాజ్యాంగం వచ్చింది. దొరల కాలపు "మినహాయించిన ప్రాంతాల" పద్ధతిని మనవాళ్ళు పారెయ్యలేదు. అయిదవ షెడ్యూలు అని పేరు మార్చి, గవర్నరుకు రెగ్యులేషన్లు చేసే అధికారం అలాగే వుంచి, గిరిజన సలహా మండలిని, రాష్ట్రపతి అంగీకారాన్ని దానికి జోడించారు. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు ఖమ్మం జిల్లాలో కలిశాయి. ఆ ఏడే ఏజెన్సీ భూముల బదిలీ రెగ్యులేషను వచ్చింది. 1963లో దాన్ని తెలంగాణ వైపు షెడ్యూలు ప్రాంతాలకూ వర్తింపజేశారు. 1970లో దాన్ని బిగించారు: గిరిజనుల భూమే కాదు, ఆ ప్రాంతంలో ఏ భూమినైనా గిరిజనేతరుడు కొనడానికి వీల్లేదు, గిరిజనేతరుడి చేతిలో వున్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందే అనుకోవాలి, కాదని అతడే రుజువు చేసుకోవాలి. ఈ సవరణ అమలులోకి వచ్చిన రోజు ఫిబ్రవరి 3. సైమన్ కమిషను బొంబాయిలో దిగిన తేదీయే! కాకతాళీయమే అనుకోండి, కాని చరిత్ర మేష్టారికి ఇటువంటివి చూస్తే చెయ్యి ఊరుకోదు.

కనుక పెదనాన్న అన్నది సగం నిజం. మూకుడు తెల్లవాడిది, వంట మనది. పైగా ఆయన కొన్న 1966నాటికే ఆ కొనుగోలు చెల్లదు. 1959 రెగ్యులేషను ప్రకారం చెల్లదు, అంతకు ముందు 1917 చట్టం ప్రకారమూ చెల్లేది కాదు. ఆ సంగతి ఆయనకు తెలుసా అంటే — తెలియకపోతే రిజిస్ట్రారు ఆఫీసు వదిలి తెల్లకాగితం ఎందుకు?

ఈ చట్టం మూలంగా ఇబ్బంది పడే మామూలు సంసారులు లేరని కాదు. భద్రాచలంలో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగిరీ చేసి, ఆఖరికి రెండు గదుల ఇల్లు సొంతమని చెప్పుకోలేనివారిని ఎరుగుదును. చట్టం వున్నా చేతులు మారిన భూములు, ఉత్తర్వు వచ్చినా కోయవాడి చేతికి రాని భూములు కూడా ఎరుగుదును. 2014లో సరిహద్దు మళ్ళీ కదిలింది. భద్రాచలం బస్తీ తెలంగాణలో, దాని చుట్టుపక్కల పల్లెలు కొన్ని ఆంధ్రలో. చట్టం మాత్రం రెండు వైపులా వుంది.

అట్లీ 1951లో అధికారం పోగొట్టుకున్నాడు, 1955లో పార్టీ నాయకత్వం వదిలాడు. ప్రభువుల సభలో కూర్చున్నాడు. 1967 అక్టోబరు 8న, ఎనభై నాలుగో ఏట చనిపోయాడు. వదిలిన ఆస్తి 7,295 పౌన్లు. ప్రపంచంలో నాలుగో వంతు మీద అధికారం చలాయించిన ప్రభుత్వానికి ఆరేళ్ళు పెద్దగా వుండిన మనిషికి అది ఆస్తి కిందికి రాదు.

మా పెదనాన్న ఆస్తిలో నాకు దొరికింది ఒక ట్రంకుపెట్టె. అందులో ఆ తెల్లకాగితం, దానికింద దుకాణం పద్దుపుస్తకాలు. 1963 నుంచి 1966 దాకా ఆ కోయ రైతు పేరున ఒక ఖాతా వుంది. ఉప్పు, బెల్లం, కిరసనాయిలు, పొగాకు, రెండు చీరలు, కూతురి పెళ్ళికి బియ్యం. పక్కన వడ్డీ. మొత్తం 312 రూపాయలు. చివర పెదనాన్న గుండ్రని అక్షరాలతో "చెల్లు" అని రాసుకున్నాడు. నేను మళ్ళీ మళ్ళీ కూడి చూశాను. పెదనాన్న లెక్కలో తప్పు లేదు. వడ్డీ కూడా ఆ రోజుల్లో అందరూ వేసినంతే వేశాడు.

ఇన్నాళ్ళకు ఆ కుర్రవాడి ప్రశ్నకు నా దగ్గర జవాబు దొరికింది కాని, వాడు ఎప్పుడో చదువు ముగించుకుని వెళ్ళిపోయాడు. వాడు ఆ రైతుకు మనుమడేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పదేళ్ళ కిందట పెద్దమ్మ, తను పోయేలోపల ఆ పొలం ఒక్కసారి చూడాలని పట్టుబట్టింది. ఆటోలో తీసుకువెళ్ళాను. వంతెన దాటి, గోదావరి పక్కనే దుమ్ముగూడెం దాకా. మిరపతోట. ఎర్రగా విరగకాసింది. వాడే ఎదురొచ్చి, "సార్, మీరా!" అని నులకమంచం వేశాడు. వాడి తల్లి చెంబుతో మజ్జిగ ఇచ్చింది. పెద్దమ్మ గట్టు మీద కూర్చుని చాలాసేపు తోట చూసి, "ఎకరాకు ఎన్ని క్వింటాళ్ళు దిగుతయి నాయనా?" అని అడిగింది. వాడు చెప్పాడు. ఆవిడ వేళ్ళమీద లెక్క కట్టుకుంది. వచ్చేటప్పుడు వాడు సంచీలో రెండు కిలోల మిరపకాయలు పోసి ఆటోలో పెట్టాడు.

వంతెన మీదికి వచ్చేదాకా పెద్దమ్మ మాట్లాడలేదు. అప్పుడు సంచీ ఒళ్ళోకి జరుపుకుని, "ఈ లెక్క తెలిసుంటే మీ పెదనాన్న ఇంకో పదేళ్ళు తిట్టేటోడురా" అంది.